తెలిసిన కథకు కాగితం ఎందుకు?



కురుక్షేత్రం కథ తెలియనివాళ్లు మన కోడూరులో ఎవరున్నారండీ? కృష్ణుడు రాయబారం వెళ్తాడు, సంధి పొసగదు, యుద్ధం జరుగుతుంది. హరిశ్చంద్రుడు ఆలిని అమ్ముకుంటాడు, కాటికాపరి అవుతాడు, చివరికి గట్టెక్కుతాడు. ఇందులో దాచడానికేమీ లేదు. అయినా నాటకం రేపో ఎల్లుండో ఉందనగా గులాబీ రంగు కాగితం ఒకటి టీకొట్టు తడికకీ, రేవు దగ్గర గుంజకీ, బడి గోడకీ అంటుకునేది. జనం ఆగి చదివేవారు. చదువురానివాళ్లు పక్కవాళ్లచేత చదివించుకునేవారు. అందరికీ తెలిసిన కథ గురించి ఆ కాగితం కొత్తగా చెప్పిందేమిటి? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం.

ముందు కాస్త దూరం వెళ్లొద్దాం. 1888 డిసెంబరు 26, బుధవారం. లండన్‌లో డ్రూరీ లేన్ అనే పెద్ద నాటకశాల. క్రిస్మస్ మర్నాడు మొదలుపెట్టి వారాల తరబడి ఆడే ఆట ఒకటి ఇంగ్లండులో ఉంది. దాన్ని పాంటొమైమ్ అంటారు. పాటలు, హాస్యం, నాట్యం, కళ్లముందే మారిపోయే రంగస్థలం, అన్నీ కలిపి పిల్లలూ పెద్దలూ కూచుని చూసే ఆట. ఆ ఏడాది ఆట పేరు ‘బేబ్స్ ఇన్ ది వుడ్’. పేరు అక్కడితో ఆగలేదు. దానికి రాబిన్‌హుడ్‌నీ అతని అనుచరుల్నీ తగిలించారు. ఆపైన రాబిన్ పిట్టను చంపిందెవరన్న పిల్లల పాటను కూడా తగిలించారు. మూడు కథలు, ఒకటే పేరు. మూడూ అక్కడి పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన కథలే.

అలాంటి ఆటకు వేసిన గోడపత్రికల్లో కథ కోసం వెతికితే దొరకదు. నాటకశాలను నడిపే అగస్టస్ హ్యారిస్ పేరు ఉంటుంది. తెరలు చిత్రించిన వాళ్ల పేర్లు, సంగీతం కట్టినవారి పేరు, ఎన్ని రంగాలో, ఎవరు ఏ వేషమో ఉంటాయి. ఆ 1888 ఆటతోనే డాన్ లీనో అనే హాస్యగాడు డ్రూరీ లేన్‌లో అడుగుపెట్టాడు. వేసింది ఆడవేషం. తర్వాత 1903 దాకా ఏటా క్రిస్మస్‌కి అతని పేరు అక్కడి గోడల మీద ఉండాల్సిందే. జనం కొన్నది కథను కాదు. ‘ఈసారి డాన్ లీనో ఏం చేస్తాడో’ అన్న ఆత్రాన్ని కొన్నారు.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. 1843 దాకా లండన్‌లో మాటలతో కూడిన నాటకం ఆడే హక్కు రాజుగారి పత్రం ఉన్న ఒకటి రెండు పెద్ద శాలలదే. ఆ ఏడు వచ్చిన నాటకశాలల చట్టం ఆ గుత్తాధికారాన్ని తీసేసింది. లైసెన్సు తెచ్చుకున్న ప్రతి శాలా నాటకం ఆడవచ్చునన్నారు. పోటీ పెరిగింది. ఒకే సిండరెల్లా కథను ఒకే క్రిస్మస్‌కి నాలుగైదు చోట్ల ఆడుతుంటే, మా దగ్గరికే ఎందుకు రావాలో గోడ మీద చెప్పుకోవాల్సి వచ్చింది. అక్షరాలు బారెడు పెరిగాయి. అంత పెద్ద అక్షరాలను సీసంతో పోస్తే మొయ్యలేం, ఖరీదూ ఎక్కువ. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ అనే ముద్రాపకుడు చెక్క అక్షరాలను యంత్రంతో చెక్కే పద్ధతి కనిపెట్టాడు. నాటకాల గోడపత్రికలకు అది వరమైంది. మన పెడనలో చెక్క అచ్చులతో బట్ట మీద పువ్వులద్దినట్టు, వాళ్లు కాగితం మీద పేర్లు అద్దారు.

ఇంతవరకూ లండన్ మాట. విక్టోరియా రాణి ఏలుబడి 1837 నుంచి 1901 దాకా సాగింది. మన బందరు కూడా ఆ ఏలుబడిలోదే. డాన్ లీనో డ్రూరీ లేన్ మెట్లెక్కడానికి రెండు మూడేళ్ల ముందే బందరులో నేషనల్ థియేట్రికల్ సొసైటీ అనే నాటక సమాజం జోరుగా ఆడుతోంది. దానికి నాటకాలు రాసిచ్చిన మనిషి మన దివి తాలూకా వాడే. 1863లో సీతారామపురంలో పుట్టిన నాదెళ్ల పురుషోత్తమ కవి. 1884 నుంచి 1886 దాకా ఆయన ముప్పైరెండు నాటకాలు రాశారు. అవన్నీ హిందుస్తానీలో! నటులు తెలుగువాళ్లు కాబట్టి తెలుగు లిపిలో రాసిచ్చారు. అప్పటికి ధార్వాడ నాటక కంపెనీవారు తెలుగు ఊళ్లు తిరిగి, రంగురంగుల తెరలతో, హిందుస్తానీ పాటలతో జనాన్ని మురిపించి వెళ్లారు. వాళ్లను చూసే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 1880లో తన విద్యార్థులచేత నాటకం ఆడించారు. బందరువారు ఆ హిందుస్తానీ మోజునే పట్టుకుని తమ సమాజం పెట్టుకున్నారు.

ఆ రోజుల్లో బందరుకు రైలు లేదు. రైలు వచ్చింది 1908లో. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలే రహదారులు. మనుషులూ సరుకూ పడవల మీదే సాగాలి. కబురు కూడా అలాగే.

అయితే మన ప్రాంతంలో అంతకుముందు నాటకం లేదా? లేకపోవడమేమిటి, కూచిపూడి ఎక్కడుంది? మొవ్వ పక్కనే. కూచిపూడి భాగవతులు తరతరాలుగా భామాకలాపం ఆడుతూ ఊరూరా తిరిగారు. వాళ్లకు గోడపత్రిక అక్కర్లేకపోయింది. ఊరి పెద్దలో జమీందారో ఖర్చు పెట్టుకునేవారు. దండోరా వేస్తే చాలు, ఊరంతా వచ్చి గుడి ముందు కూచునేది. ఎవరూ డబ్బిచ్చి లోపలికి రానక్కర్లేదు. సమాజాలు వచ్చి, పాక వేసి, ద్వారం దగ్గర టిక్కెట్టు చింపడం మొదలుపెట్టాకే పరిస్థితి మారింది. ముక్కూ మొహం తెలియనివాడిచేత ముందే డబ్బు తీయించాలంటే ముందే ఏదో ఒకటి చెప్పాలి. లండన్‌లోనైనా బందరులోనైనా టిక్కెట్టు వెనకాలే అచ్చుకాగితం వచ్చింది.

మరి ఆ కాగితం మీద మనవాళ్లు ఏం చెప్పారు? నాటకానికి ఒక పేరు చాలదు. చిలకమర్తి వారి గయోపాఖ్యానానికి ప్రచండ యాదవం అన్న మరో పేరుంది. ఆ నాటకం పుస్తకాలు లక్షకు పైగా అమ్ముడయ్యాయని ప్రసిద్ధి. అంటే ప్రేక్షకుల్లో చాలామందికి పద్యాలు నోటికొచ్చు. కథే కాదు, తర్వాత వచ్చే పద్యం ఏదో కూడా తెలుసు. అలాంటివాళ్లను ఆకట్టేది ఒక్కటే. ఆ పద్యం ఈ రాత్రి ఎవరు పాడతారు?

ఇక్కడ మనవాళ్లు లండన్‌వాళ్లకు తట్టని ఏర్పాటు ఒకటి చేశారు. కంట్రాక్టు నాటకాల కాలం అది. కంట్రాక్టరు ఒక రాత్రికి పేరున్న నటులందరినీ వేరువేరు ఊళ్ల నుంచి పిలిపించేవాడు. రిహార్సలు ఉండదు, అక్కర్లేదు కూడా. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు అందరికీ కంఠతా వచ్చినవే. ఆ జంట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పారు, విశ్వనాథ సత్యనారాయణ గారు అక్కడ ఆయన శిష్యులు. ఆ నాటకంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. కరపత్రంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వరసగా వేసేవారు. హరిశ్చంద్రలో అయితే కాటి సీనుకు ప్రత్యేకంగా ఒక హరిశ్చంద్రుడు దిగేవాడు. కథ ప్రకారం చూస్తే ఇదేం వింత? ఒక మనిషి సగం నాటకంలో మొహం మార్చేసుకుంటాడా? ప్రేక్షకుడికి మాత్రం అది వింత కాదు, లాభం. ఒక టిక్కెట్టు మీద ఇద్దరు కృష్ణుల గొంతు వినవచ్చు. ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ పాడించుకోవచ్చు. ఏ కృష్ణుడు ఎవరన్నది తెలియాలంటే కాగితం చదవాలి.

ఆ పేర్ల పక్కన ఇంకో మాట ఉండేది, స్త్రీ పాత్రధారి అని. అక్కడ కనిపించేది చాలాసార్లు మగవాడి పేరే. దాన్ని దాచేవారు కాదు సరికదా, అదే ఆకర్షణగా పెద్ద అక్షరాల్లో వేసేవారు. సత్యభామగా స్థానం నరసింహారావు గారి పేరు చూస్తే చాలు, బళ్లు కట్టుకు వచ్చేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు మరో సత్యభామ. గుడివాడ దగ్గర రామాపురం కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు సినిమాల్లోకి వెళ్లకముందు స్టేజి మీద వేసినవి ఎక్కువగా ఆడవేషాలే. నిమ్మకూరు కుర్రాడు నందమూరి తారక రామారావు విజయవాడ కాలేజీలో విశ్వనాథ వారు వేయించిన నాటకంలో నాగమ్మ వేషం వెయ్యాల్సి వస్తే మీసం తియ్యనన్నాడు. మీసాల నాగమ్మ అన్న పేరు ఆయనకు అలా వచ్చిందే. ఇంగ్లండు పాంటొమైమ్‌లోనూ ముసలి అత్తయ్య వేషం మగవాడిదే. కాకపోతే వాళ్లు ఇంకో మెలిక పెట్టారు. అక్కడ కథానాయకుడైన కుర్రాడి వేషం ఆడపిల్ల వేస్తుంది. మన దగ్గర ఆడవేషం ఆడదనాన్ని మరిపించాలి, అక్కడ నవ్వించాలి. రెండుచోట్లా ఆ సంగతి తెలిసే జనం టిక్కెట్టు కొన్నారు.

పాంటొమైమ్‌లో ఒక రంగం వస్తుంది. వెలుతురు మారుతుంటే వంటిల్లు వనంగా, వనం దేవలోకంగా కళ్లముందే మారిపోతుంది. అందుకోసమే తెరలు చిత్రించినవాడి పేరు గోడకెక్కేది. మనకు ఆ పని చేసినవారు సురభివారు. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. వనారస గోవిందరావు గారు మూలపురుషుడు. వాళ్ల దగ్గర ఆడవేషాలు ఇంటి ఆడవాళ్లే వేశారు. మాయాబజారులో ఘటోత్కచుడి మాయలు, గాల్లో తేలే మనుషులు, నిప్పులు కక్కే బాణాలు చూడ్డానికి పిల్లల్ని చంకనేసుకుని వెళ్లేవారు. క్రిస్మస్‌కి లండన్‌లో పిల్లలు కళ్లింత చేసుకుని చూసింది సరిగ్గా అలాంటి ఆటనే.

కాలం కూడా ఇంచుమించు అదే. పైరు ఇంటికొచ్చి, చేతిలో నాలుగు డబ్బులాడే రోజులు మన డెల్టాలో సంక్రాంతి నుంచి మొదలవుతాయి. తర్వాత మాఘ పౌర్ణమికి మన మండలంలోనే హంసలదీవి వేణుగోపాలస్వామి కల్యాణం, శివరాత్రికి పెదకళ్లేపల్లి తిరనాళ్లు, ఆపైన శ్రీరామనవమి పందిళ్లు. నాటకాల వాళ్లకు పంట కాలం ఇదే. బందరులో రాబర్ట్ నోబుల్ దొర 1843లో బడి పెట్టిన నాటి నుంచి మిషన్ చదువులు పాతుకున్న ప్రాంతం మనది. డెల్టా చర్చిల్లో క్రిస్మస్ రాత్రి పిల్లలు వేసే యేసు జననం నాటిక కూడా అందరికీ తెలిసిన కథే. అందులోనూ ఊరు అడిగేది ఒక్కటే. ఈ ఏడు మరియమ్మ ఎవరు, గొల్లలు ఎవరు?

ఇక ఈ కాగితాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కింది భాగం. పైన పెద్ద అక్షరాల్లో నటులు గర్జిస్తుంటే కింద చిన్న అక్షరాల్లో ఊరు మాట్లాడుతుంది. సోఫా ఇంత, కుర్చీ ఇంత, బెంచీ ఇంత, నేల ఇంత. స్త్రీలకు ప్రత్యేక స్థలం. పెట్రోమాక్సు లైట్లో, మైకో ఉంటే ఆ సంగతి. ఎవరు ఎక్కడ కూచున్నారో, ఎవరి దగ్గర ఎంత ఉందో, ఆడవాళ్లు రాత్రిపూట ఎలా బయటికొచ్చారో ఆ నాలుగు పంక్తుల్లో తెలుస్తుంది.

అయితే మనవాళ్లు ఒకటి మాత్రం మరిచిపోయేవారు. సంవత్సరం! పదో తేదీ శనివారం రాత్రి అని వేస్తారు, ఏ ఏడో వెయ్యరు. వేసినవాడికి అక్కర్లేదు, వారం తిరిగేసరికి ఆ కాగితం పని అయిపోతుంది. డెబ్భై ఏళ్ల తర్వాత చూసే మనకు మాత్రం అది పొడుపుకథ. దాన్ని విప్పే దారులున్నాయి. అవి చెబుతాను, మీ ఇళ్లలో ఇలాంటి కాగితం ఉంటే పనికొస్తాయి.

మొదటిది తేదీ, వారం. ఒకే తేదీ అదే వారంతో మళ్లీ అయిదేళ్లకో ఆరేళ్లకో పదకొండేళ్లకో వస్తుంది. అంటే ముప్పై ఏళ్లలో నాలుగైదు సార్లకు మించదు. తిథి కూడా వేసి ఉంటే పాత పంచాంగం తీసి చూస్తే సాధారణంగా ఒక్క ఏడే మిగులుతుంది. రెండోది టిక్కెట్టు ధర. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుదో, లేక ఆ మార్పు కొత్తలో పాత అలవాటు పోనిదో. నయాపైసలు అని ఉంటే 1957కీ 1964కీ నడుమది. మూడోది చిరునామా. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరు, 1956 నవంబరుల మధ్యది. తాలూకా అని ఉంటే 1985కు ముందుది కావడానికే అవకాశం ఎక్కువ. ఎందుకంటే మండలాలు వచ్చింది ఆ ఏడే. తెచ్చింది కూడా ఎవరనుకున్నారు? ముఖ్యమంత్రి అయిన మన మీసాల నాగమ్మే.

నాలుగోది అట్టడుగున కంటికి ఆనని పంక్తి, ప్రెస్సు పేరూ ఊరూ. అది ప్రెస్సువాడి గొప్ప కోసం వేసింది కాదు. 1867 నాటి ముద్రణ చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రించినవాడి పేరు, చోటు ఉండి తీరాల్సి వచ్చేది. నాటకాల మీద 1876లో ప్రత్యేకంగా ఇంకో చట్టం తెచ్చిన ప్రభుత్వం అది. ఎక్కడ ఏ కాగితం పుడుతోందో దానికి తెలియాలి. ఆ అనుమానం పుణ్యాన ఒక కరపత్రం బందరులో అచ్చయిందో, గుడివాడలో అచ్చయిందో ఈనాడు మనం చెప్పగలుగుతున్నాం.

ఇంత చెప్పే కాగితాలు మన దగ్గర ఎన్ని మిగిలాయి? చాలా తక్కువ. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లం. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన ఉప్పెన ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది. మనుషుల్నీ గొడ్లనీ పోగొట్టుకున్న ఇళ్లలో కాగితాల గురించి ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. అప్పుడు రామారావు, నాగేశ్వరరావు గార్లు ఊరూరా తిరిగి మన కోసం జోలె పట్టారు. ఈ జిల్లా స్టేజీల మీద పెరిగిన నటులు ఆ రోజు ఈ జిల్లా రుణం తీర్చుకున్నారు.

ఉప్పెన తీసుకుపోనివి చాలా మనమే పారేశాం. పప్పు పొట్లం కట్టాం, పుస్తకాలకు అట్టలేశాం. లండన్‌లో మాత్రం హెన్రీ ఎవానియన్ అనే గారడీవాడు ఒకడుండేవాడు. గొంతు మార్చి మాట్లాడే విద్య కూడా తెలుసు. అతను ఆటల గోడపత్రికలు, టిక్కెట్లు, అంగడి ప్రకటనలు పోగేశాడు. 1895లో సుమారు అయిదువేల కాగితాలను బ్రిటిష్ మ్యూజియంకు అమ్మాడు. ఈ రోజు విక్టోరియా కాలపు పాంటొమైమ్ ఎలా ఉండేదో చెప్పాలంటే పండితులు ఆ గారడీవాడి కాగితాలే తిరగేస్తారు.

మనకు అలాంటి మనిషి లేడా? కాగితాలకు కాకపోయినా పద్యాలకు ఉన్నాడు. మన పక్కనే పెదకళ్లేపల్లిలో 1888లో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు. జనం నోళ్లలో, చెదలు పట్టిన తాళపత్రాల్లో చెదిరిపోతున్న చాటుపద్యాలను ఏరి చాటుపద్య మణిమంజరి కూర్చారు. కావ్యాలు వదిలి ఈ చిల్లర పద్యాలేమిటని ఆయన చిన్నచూపు చూడలేదు. ఏ పద్యం ఎవరిది, ఏ సందర్భంలోది అని వివరంతో సహా కూర్చారు.

ఆ వివరమే ఇప్పుడు మన చేతిలో ఉన్న పని. ఈ రోజుల్లో నాటకానికి ఫ్లెక్సీ కడుతున్నారు, వాట్సాప్‌లో పంపుతున్నారు. ఫ్లెక్సీ మర్నాడు ధాన్యం మీద పట్టా అవుతుంది, ఫోనులోది పది రోజుల్లో చెరిగిపోతుంది. పాతవైనా కొత్తవైనా మీ ఇంట్లో ఒక నాటకం కరపత్రం ఉంటే మడతలు విప్పి పరచండి. లామినేషన్ చేయించకండి, ఒకసారి చేయిస్తే మళ్లీ విడదీయలేం. ముందూ వెనకా ఫోటో తియ్యండి. వెనక పెన్సిలుతో ఎవరింట్లో దొరికిందో, ఏ ఊళ్లో ఆడారో రాయండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూచుని ఆ పేర్లు ఒక్కొక్కటే చదవండి. రెండో కృష్ణుడు బాగా పాడాడా, హార్మోనియం ఎవరిది, ఆ రాత్రి వాన వచ్చిందా అని అడగండి. కాగితం నటుల పేర్లు చెబుతుంది. తెర లాగినవాడి పేరు, లైటు పంపు కొట్టినవాడి పేరు, పడవ నడిపినవాడి పేరు చెప్పదు. అవి తాతయ్యలకూ అమ్మమ్మలకూ తెలుసు. వాళ్లు చెప్పినప్పుడే రాసుకోండి.